గుడ్డబొమ్మ చరిత్ర: కంప్యూటర్ ఆటల్లో మనిషి పడటం ఎట్లా నేర్చుకున్నాడు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోస్టు కాస్త పొడుగు. తిన్నాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం గ్రూపులో ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. వైస్ సిటీలో కారుతో ఎవరిని గుద్దినా అందరూ ఒకే తీరుగా పడతారు, జీటీఏ ఫోర్‌లో మాత్రం ఒక్కొక్కడు ఒక్కో తీరుగా పడతాడు, ఎందుకన్నా అని. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టి వదిలేశారు. మేము వదల్లేదు. మా హాస్టల్ రూంలో నలుగురం. ముగ్గురం కంప్యూటర్స్, ఒకరు మ్యాథ్స్. నలుగురికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు కాబట్టి ఇట్లాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మేమే వెతుక్కున్నాం. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనకాల పోతే డెన్మార్క్ మీదుగా కొలంబియా అడవుల దాకా పోవాల్సి వచ్చింది. అక్కడి ఆదివాసుల సంగతి కూడా ఇందులో ఉంది. అందుకే ఈ గ్రూపులో రాస్తున్నాం.

ముందు పేరు సంగతి. ఆటలో మనిషి ఒంట్లో పట్టు వదిలేసి, చేతులు కాళ్లు ఎటు పడితే అటు వాలిపోతూ పడటాన్ని రాగ్‌డాల్ అంటారు. గుడ్డబొమ్మ అన్నమాట. మన అమ్మమ్మలు పాత చీర ముక్కలు చుట్టి పిల్లలకు చేసిచ్చే బొమ్మే. దాన్ని పైకి విసిరితే ఎట్లా పడుతుందో ముందే చెప్పలేం. ఏ కాలు మడుస్తుంది, తల ఎటు వాలుతుంది అన్నది అది ఎక్కడ తగిలిందో దాన్నిబట్టి ఉంటుంది.

పాత ఆటల్లో ఇది లేదు. 1993లో వచ్చిన డూమ్‌లో శత్రువు చనిపోవడం అంటే నాలుగైదు బొమ్మలు వరసగా చూపించడమే. నిలబడ్డ బొమ్మ, వంగిన బొమ్మ, కూలిన బొమ్మ, నేల మీద ముద్ద. 1996లో క్వేక్ వచ్చేసరికి బొమ్మలు త్రీడీ అయ్యాయి గానీ పద్ధతి మారలేదు. పడటం ఎట్లాగో ఒక ఆర్టిస్టు ముందే తయారుచేసి పెడతాడు, ఆట దాన్ని రికార్డు పాటలాగా వేస్తుంది. ఇందులో చిక్కు ఏంటంటే ఆ పాటకు చుట్టూ ఏముందో తెలియదు. మెట్ల మీద చచ్చినవాడు మెట్ల మీద బల్లపరుపుగా పడుకుంటాడు, సగం ఒళ్లు గాలిలోనే. గోడ పక్కన పడితే తల గోడలోకి దూరిపోతుంది. 2002లో వచ్చిన వైస్ సిటీలో కూడా ఇదే పద్ధతి. తమ్ముడి ప్రశ్నలో సగానికి జవాబు ఇది.

1998లో హాఫ్ లైఫ్ లాంటి ఆటలు బొమ్మ లోపల ఎముకల గూడు పెట్టాయి. తొడ ఎముక, పిక్క ఎముక, వాటి మధ్య కీలు. ఆర్టిస్టు కదిలించేది ఎముకల్ని, చర్మం వాటి వెంట సాగుతుంది. ఇది ముఖ్యం. ఎముకలు ఉంటేనే వాటిని ఆర్టిస్టు చేతిలోంచి తీసి భూమ్యాకర్షణ చేతిలో పెట్టడం కుదురుతుంది.

అదే ఏడాది అక్టోబర్‌లో ఒక అమెరికన్ కంపెనీ ఆ ధైర్యం చేసింది. జురాసిక్ పార్క్ సినిమా లోకం మీద తీసిన ట్రెస్‌పాసర్ అనే ఆట. దాన్ని నడిపిన షేమస్ బ్లాక్‌లీ ఫిజిక్స్ చదివినవాడు. అంతకుముందు ఫ్లైట్ అన్‌లిమిటెడ్ అనే విమానాల ఆటకు పనిచేశాడు. ట్రెస్‌పాసర్‌లో ముందే తీసిపెట్టిన కదలికలు వద్దు, అన్నీ లెక్కతోనే కదలాలి అన్నారు. పెట్టెలు దొర్లాలి, డైనోసార్ లెక్క ప్రకారం నడవాలి, లెక్క ప్రకారం కూలాలి. ఆలోచన గొప్పదే, ఆనాటి కంప్యూటర్లు మోయలేకపోయాయి. ఆట నత్తనడక నడిచింది, డైనోసార్లు తాగినట్టు తూలాయి. పత్రికలు ఏకిపారేశాయి, అమ్మకాలు లేవు. బ్లాక్‌లీ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి ఎక్స్‌బాక్స్ పుట్టించినవాళ్లలో ఒకడయ్యాడు. మా మట్టుకు ట్రెస్‌పాసర్‌ను ఎగతాళి చేయబుద్ధి కాలేదు. దారి అటే ఉందని చూపించింది అదే.

ఇక అసలు కథ. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో ఐఓ ఇంటరాక్టివ్ అనే చిన్న కంపెనీ. 2000 నవంబర్‌లో వాళ్ల మొదటి ఆట వచ్చింది, హిట్‌మ్యాన్: కోడ్‌నేమ్ 47. కిరాయి హంతకుడి ఆట. చంపినవాడి శవం ఎవరికంటా పడకుండా ఈడ్చుకెళ్లి దాచాలి. ఈడ్చేటప్పుడు శవం మెట్ల మీద, గుమ్మాల్లో నిజం శవంలాగే కదలాలి. రికార్డు పాటతో ఇది అయ్యేపని కాదు, ఎందుకంటే ఆడేవాడు ఎటు ఈడుస్తాడో ఎవరికి తెలుసు? దీనికి లెక్క కట్టినవాడు థామస్ యాకబ్‌సన్. ఆయన ఆ లెక్కను కంపెనీ బీరువాలో దాచుకోలేదు. 2001లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వ్యాసంగా చదివి అందరికీ ఇచ్చేశాడు. మేము ఆ వ్యాసాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రాత్రులు చదివాం. మొదటి రాత్రి భయం వేసింది గానీ, రెండో రాత్రికి అర్థమైంది ఏంటంటే ఇంటర్ ఫిజిక్స్ దాటి అందులో పెద్దగా ఏమీ లేదు.

లెక్క ఇది. మనిషిని మొత్తంగా చూడకు, కొన్ని చుక్కలుగా చూడు. తల ఒక చుక్క, మోచెయ్యి ఒక చుక్క, మోకాలు ఒక చుక్క. ప్రతి చుక్కకు రెండే గుర్తుపెట్టుకో: ఇప్పుడు ఎక్కడుంది, ఇందాకటి ఫ్రేమ్‌లో ఎక్కడుంది. వేగాన్ని విడిగా రాసుకోవద్దు. ఇందాకటి చోటికీ ఇప్పటి చోటికీ ఉన్న తేడాయే వేగం. వచ్చే చోటు కావాలంటే ఆ తేడాను ఇప్పటి చోటుకు ఇంకోసారి కలుపు, దాని మీద త్వరణాన్ని కాలం వర్గంతో గుణించి కలుపు. అంతే.

కాగితం మీద వేసి చూశాం. సెకనుకు 60 ఫ్రేములు. గురుత్వ త్వరణం 9.8. దాన్ని 60 వర్గంతో, అంటే 3600తో భాగిస్తే 0.0027 మీటర్లు, దాదాపు 2.7 మిల్లీమీటర్లు. నిలకడగా ఉన్న చుక్కను వదిలితే మొదటి ఫ్రేమ్‌లో 2.7 మిల్లీమీటర్లు దిగుతుంది, రెండో ఫ్రేమ్‌లో దానికి రెట్టింపు, మూడో దాంట్లో మూడు రెట్లు. ఇట్లా 60 ఫ్రేములు కూడితే సెకనులో 4.98 మీటర్లు. ఇంటర్‌లో నేర్చుకున్న సూత్రం ప్రకారం 4.9 రావాలి. ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. మా మ్యాథ్స్ వాడికి ఇది నచ్చలేదు. కానీ తెర మీద పడేవాణ్ని చూస్తూ ఎనిమిది సెంటీమీటర్ల తేడా ఎవడు పడతాడు? యాకబ్‌సన్ వ్యాసం మొత్తం నిలబడింది ఈ బేరం మీదే. ఖచ్చితంగా ఉండక్కర్లేదు, చూడటానికి నమ్మేట్టు ఉండాలి, కంప్యూటర్ మోయగలగాలి. ట్రెస్‌పాసర్ చేయలేకపోయింది ఈ బేరమే.

చుక్కలు చెల్లాచెదురు కాకుండా మధ్యలో పుల్లలు. మోకాలికీ మడమకూ మధ్య దూరం 40 సెంటీమీటర్లు ఉండాలనుకోండి. చుక్కలు కదిలాక చూస్తే 42 అయింది. ఒక్కో చుక్కను ఒక్కో సెంటీమీటర్ లోపలికి జరుపు, సరిపోయింది. కానీ మోకాలు జరిగింది కాబట్టి ఇప్పుడు తొడ పుల్ల పొడుగు తప్పింది. దాన్ని సరిచేస్తే నడుము తప్పుతుంది. ఏం పర్వాలేదు, మళ్లీ మొదటి నుంచి చుట్టేయ్. నాలుగైదు సార్లు తిరిగేసరికి అన్నీ దాదాపు సర్దుకుంటాయి. మిగిలిన తేడా తర్వాతి ఫ్రేమ్‌లో పోతుంది. మంచం నులక బిగించడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక వరస లాగితే పక్క వరస వదులవుతుంది, చుట్టూ రెండు మూడు సార్లు తిరిగితే గానీ మంచం సమానంగా రాదు.

నేల సంగతి ఇంకా సులువు. చుక్క నేల కిందికి పోయిందా, పట్టుకుని నేల మీద పెట్టేయ్. వేగం ఎట్లాగూ చోట్ల తేడాలోనే ఉంది కాబట్టి చుక్కను జరిపితే వేగం దానంతటదే మారిపోతుంది. వేగాన్ని విడిగా రాసుకునే పద్ధతిలో పొరపాట్లు పోగుపడి బొమ్మ ఒక్కోసారి బాంబు పేలినట్టు ఎగిరిపోతుంది. ఇక్కడ అది చాలా తక్కువ.

ఈ చుక్కల లెక్క యాకబ్‌సన్ సొంతం కూడా కాదు. దానికి వెర్లే పద్ధతి అని పేరు. 1967లో లూప్ వెర్లే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆర్గాన్ అణువులు ద్రవంలో ఎట్లా కదులుతాయో చూడటానికి 864 కణాలతో ఇదే లెక్క కంప్యూటర్‌లో వేశాడు. ఆయనకన్నా ముందు 1907లో నార్వే గణిత పండితుడు కార్ల్ స్టోర్మర్ ఉత్తర ధ్రువం ఆకాశంలో కనిపించే వెలుగుల లెక్కకు ఇదే వాడాడు. ఆకాశం వెలుగులకు వాడిన లెక్క చివరికి శవం ఈడ్వడానికి పనికొచ్చింది.

ఇప్పుడు మేము అనుకోకుండా తగులుకున్న సంగతి.

హిట్‌మ్యాన్ మొదటి ఆటలో కొలంబియా అడవి ఘట్టాలు ఉన్నాయి. డ్రగ్స్ దొర స్థావరం చేరడానికి హీరో ముందు ఒక తెగను వెతకాలి. ఆ ఘట్టం పేరే ఉవా తెగను వెతుకు. దాని తర్వాతిది అడవి దేవుడు. ఉవా అన్నది ఆట కోసం పుట్టించిన పేరేమో అనుకున్నాం. కాదు. ఉవాలు నిజం మనుషులు. కొలంబియా ఈశాన్యాన, వెనెజులా సరిహద్దు వైపు కొండల్లో బతికే ఆదివాసులు, కొద్ది వేల మంది. 1990లలో ఆక్సిడెంటల్ పెట్రోలియం అనే అమెరికా కంపెనీ వాళ్ల నేలలో చమురు వెతకడానికి దిగింది. చమురు భూమి తల్లి నెత్తురు, దాన్ని తోడనివ్వం అన్నారు ఉవాలు. తోడితే మేమంతా కొండ మీంచి దూకి చస్తాం అని ప్రపంచానికి చెప్పారు. అది ఊరికే అన్న మాట కాదు. స్పానిష్ వాళ్లు వచ్చినప్పుడు లొంగడం ఇష్టంలేక తమ పూర్వీకులు కొండ అంచు మీంచి దూకారని వాళ్ల పెద్దలు తరతరాలుగా చెప్పుకునే చరిత్ర. వాళ్ల నాయకుడు బెరితో కువారువాకు 1998లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 2000లో కంపెనీ తవ్వకం యంత్రాలు తెస్తుంటే ఉవాలు రోడ్ల మీద అడ్డం కూర్చున్నారు. చివరికి తవ్విన బావిలో కంపెనీ అనుకున్న చమురు పడలేదు, 2002లో అది తప్పుకుంది.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. ఉవాలు తమ ఒంటినే అడ్డం పెట్టి నిలబడ్డ ఏడాదే, మనిషి ఒళ్లు నిజంగా పడినట్టు చూపించిన తొలి ఆటల్లో ఒకటి వాళ్ల పేరు పెట్టుకుని బజారుకొచ్చింది. అందులో వాళ్లు హీరోకు దారిచూపే అడవి మనుషులు. కంపెనీ లేదు, చమురు లేదు, కొండ అంచు లేదు. తయారుచేసినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉందని మేము అనం. పేపర్లో పేరు చూసి వాడుకుని ఉండొచ్చు. కానీ ఒంటి బరువు అంత శ్రద్ధగా లెక్కగట్టిన ఆటలో ఆ మనుషుల మాటకు బరువు లేకపోవడం మాకు మింగుడు పడలేదు. మన కొండల పేర్లు, మన దేవర పేర్లు సినిమాల్లో ఎట్లా వాడతారో చూసినవాళ్లం కదా, ఎక్కువ చెప్పక్కర్లేదు.

తర్వాతి చరిత్ర గబగబా. యాకబ్‌సన్ దారి చవకది. ఆ కాలంలోనే ఇంకో దారి కూడా నడిచింది, ఎముకల్ని గట్టి దిమ్మెలుగా తీసుకుని, బరువు, తిరుగుడు అన్నీ లెక్కగట్టి, కీళ్లకు హద్దులు పెట్టే పద్ధతి. డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ వాళ్లు ఇద్దరు, హ్యూ రెనాల్డ్స్, స్టీవెన్ కాలిన్స్, 1998లో పెట్టిన హావోక్ కంపెనీ ఈ లెక్కను సరుకుగా అమ్మింది. ఎవరి ఆటకు వాళ్లు ఫిజిక్స్ రాసుకునే పని తప్పింది, కొనుక్కుంటే చాలు. 2003లో మ్యాక్స్ పేన్ 2, 2004లో హాఫ్ లైఫ్ 2 హావోక్ మీదే నడిచాయి. ఇంటెల్ 2007లో ఆ కంపెనీని కొన్నది, 2015లో అది మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది.

మధ్యలో 2002లో ఫిన్‌లాండ్ కుర్రాడు యెట్రో లావ్హా ఒక వింత ఆట వదిలాడు. మెట్ల మీద నిలబడ్డ బొమ్మను తోసెయ్, ఎంత దెబ్బ తగిలితే అన్ని మార్కులు. ఆట మొత్తం అంతే. జనం పడీ పడీ నవ్వారు. యూట్యూబ్‌లో మీరు చూసే పడిపోయే వీడియోలకు అది తాత లాంటిది. నవ్వు తప్పని మేము అనం, మేమూ నవ్వాం. రాగ్‌డాల్ వచ్చిన రెండేళ్లకే చావు బరువు కాస్తా జోక్ అయిపోయింది, అదీ చరిత్రలో భాగమే.

గుడ్డబొమ్మకు ఒక లోటు ఉంది. దానికి ప్రాణం లేదు. నిజం మనిషి పడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, తల కాపాడుకుంటాడు, దొరికింది పట్టుకుంటాడు. దీని మీద పనిచేసింది ఆక్స్‌ఫర్డ్‌లో జీవశాస్త్రం చదివిన టోర్‌స్టన్ రైల్. బొమ్మకు కండరాలు, నరాల లాంటి లెక్కలు ఇచ్చి, మొదట్లో తప్పటడుగులు వేయించి, బాగా నడిచినవాటి నుంచి తర్వాతి తరాన్ని పుట్టించాడు. ఆయన పెట్టిన నేచురల్‌మోషన్ కంపెనీ యుఫోరియా అనే సాఫ్ట్‌వేర్ చేసింది. 2008లో జీటీఏ ఫోర్ దాన్ని వాడింది. తమ్ముడూ, నీ జవాబులో మిగిలిన సగం ఇదీ. గుద్దిన ప్రతిసారీ ఆ మనిషి ఎట్లా తట్టుకోవాలో అప్పటికప్పుడు లెక్క జరుగుతుంది. కారు తలుపు పిడి పట్టుకుని వేలాడేవాళ్లు కూడా కనిపిస్తారు. రికార్డు పాట కాదది.

ఇప్పుడు ఇదంతా కొనక్కర్లేదు. గోడో అనే ఇంజిన్ ఉంది, అర్జెంటీనాలో పుట్టింది, 2014 నుంచి అందరికీ ఫ్రీ. పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా తెరవొచ్చు. యూనిటీలో అయితే ఎముకలకు బరువులు, కీళ్లు తగిలించే పని ఒక విజార్డ్ చేసిపెడుతుంది. స్క్రిప్ట్ చేసేది ఏంటంటే, దెబ్బ తగిలిన క్షణంలో యానిమేషన్ ఆపి ఎముకల్ని ఫిజిక్స్‌కు అప్పగించడం. అప్పగించేటప్పుడు అంతకుముందున్న వేగాన్ని కూడా ఇవ్వాలి, లేకపోతే పరిగెత్తేవాడు గోడకు కొట్టుకున్నట్టు టక్కున ఆగి కూలబడతాడు.

మేము విజార్డ్ వాడకుండా వెర్లే లెక్కతోనే రాస్తున్నాం, అర్థం కావాలని. మా ఆటలో తుపాకీ లేదు. కొండ చరియకు తాడు కట్టుకుని తేనె తీసే మనిషి ఉన్నాడు. పేరు కూడా పెట్టాం, బొజ్జన్న. చెయ్యి జారితే పడతాడు. పడ్డాక ఏం కావాలి అన్న దాని మీద రూంలో రెండు రోజులు గొడవ. మళ్లీ మొదటి నుంచి అని చూపిద్దాం, అన్ని ఆటల్లో అంతేగా అని ఒకడు. మా మామ తేనెకు పోతాడు, పడితే మళ్లీ మొదలు అనే మాట ఉండదురా అని ఇంకొకడు. ఇంతవరకు తేలింది ఏంటంటే, బొజ్జన్న పడితే ఆట ఆగదు. కింద తాడు పట్టుకుని నిలబడ్డ బామ్మర్ది వైపు మారుతుంది, అతను బొజ్జన్నను మోసుకుని ఊరికి నడవాలి. ఆ నడక ఎంత పొడుగు ఉండాలో ఇంకా తేలలేదు. మోసేటప్పుడు బొజ్జన్న చేతులు వేలాడాలి కాబట్టి రాగ్‌డాల్ ఎట్లాగూ కావాలి.

ప్రస్తుతం మా బొజ్జన్నకు 14 చుక్కలు, 17 పుల్లలు. తల, మెడ, రెండు భుజాలు, మోచేతులు, చేతులు, రెండు తుంట్లు, మోకాళ్లు, పాదాలు. ఛాతీకి భుజం నుంచి ఎదురు తుంటికి ఏటవాలుగా రెండు పుల్లలు తప్పనిసరి. దడికి ఏటవాలు వెదురు కట్టకపోతే ఎట్లా పక్కకు వాలిపోతుందో, ఇవి లేకపోతే ఛాతీ అట్లా చప్పబడిపోతుంది. కాళ్లు ఒకదాంట్లో ఒకటి దూరకుండా మోకాళ్ల మధ్య కనీస దూరం పెట్టాం. మిగిలింది మోకాలు. అది వెనక్కి మడవాలి, ముందుకు మడవకూడదు. పుల్లలకు దూరం తెలుసు గానీ దిక్కు తెలియదు, అందుకే రెండు వైపులా మడుస్తోంది. తొడ పుల్లకు మోకాలు ఏ పక్కన ఉందో కనుక్కునే లెక్క, క్రాస్ ప్రొడక్ట్‌తో వస్తుందని మా మ్యాథ్స్ వాడు అంటున్నాడు. ఇంటర్‌లో వెక్టార్లు బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఫోన్‌లో గోడో వేసి చూడాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు కాగితం మీద 14 చుక్కలు పెట్టి, ఏ చుక్కకు ఏ పుల్ల అన్నది గీసి ఫోటో పెట్టండి. స్క్రిప్ట్ అడిగినవాళ్లకు పంపుతాం.